తాత ఉంగరం మీద అక్షరం

మా బాపమ్మ దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. అందులో రేషన్ కార్డు, బీడీ కార్డు, పాత పెళ్లి పత్రికలు, నాయన పదో తరగతి సర్టిఫికెట్ ఉంటాయి. వాటన్నిటి అడుగున ఒక చిన్న గుడ్డమూట. ఆ మూటలో మా తాత ఉంగరం ఉండేది. 'ఉంది' అనకుండా 'ఉండేది' అని ఎందుకు రాస్తున్నానో చివర్లో చెప్తాను.

ఆ ఉంగరం పావు తులం బంగారం. పైన చదునైన గుండ్రటి బిళ్ల, బిళ్ల మీద 'న' అనే అక్షరం. అది తాత పేరులో మొదటి అక్షరం. తాత చిన్నప్పుడే కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని కోసం సోలాపూర్ వచ్చాడు. చాలా ఏళ్లు జీతం పుస్తకంలో వేలిముద్రే వేసేవాడట. తర్వాత రాత్రి బడికి పోయి తెలుగులో సంతకం పెట్టడం నేర్చుకున్నాడు. మొదటిసారి సంతకం పెట్టి జీతం తీసుకున్న ఏడాదే, ఊరికి పోయినప్పుడు అక్కడి అవుసులాయన దగ్గర ఈ ఉంగరం చేయించుకున్నాడని బాపమ్మ చెప్తుంది. నేను పుట్టకముందే తాత పోయాడు. నాకు తాత అంటే గోడ మీది ఫోటో, ఈ ఉంగరం, అంతే.

ఈ సంవత్సరం మా అన్నకు పెళ్లి కుదిరింది. ఇక్కడ నిశ్చితార్థాన్ని సాఖర్‌పుడా అంటారు. ఆ రోజు వదినకు ఉంగరం పెట్టాలి. బంగారం ధర చూస్తే అందరికీ తెలిసిందే. నాయన రెండు రోజులు లెక్కలు వేసి, "తాత ఉంగరం ఇచ్చి, దాని మీద కొంత కలిపి కొత్తది చేయిద్దాం" అన్నాడు. నేను అన్నం తినకుండా లేచిపోయాను. బాపమ్మ మాత్రం ఏమీ మాట్లాడలేదు.

అదే వారం మా చరిత్ర సారు క్లాసులో, "మీ ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువును తీసుకొని, దాని వెనక ఉన్న చరిత్ర రాయండి" అన్నారు. నాకు వేరే వస్తువు తోచలేదు. ఉంగరాన్ని కరిగించకూడదని చరిత్రతో నిరూపించి నాయనకు చూపించాలనుకున్నాను. లైబ్రరీలో చదివినవీ, సారును అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

వేలికి పేరిచ్చిన వస్తువు

మన చేతివేళ్ల పేర్లు చూడండి. చూపుడువేలికి దాని పనిని బట్టి పేరు వచ్చింది. నడిమివేలికి చోటును బట్టి వచ్చింది. చిటికెనవేలికి చిన్నదనాన్ని బట్టి వచ్చింది. నాలుగో వేలికి మాత్రం సొంత పేరు లేదు. ఉంగరం పేరునే దానికి పెట్టి ఉంగరపువేలు అన్నాం. తమిళంలో మోదిర విరల్, కన్నడంలో ఉంగురద బెరళు అంటారు. అవి కూడా ఉంగరాన్ని బట్టి వచ్చిన పేర్లే. సంస్కృతంలో ఆ వేలిని అనామిక అంటారు, అంటే పేరు లేనిది. మరాఠీలో కూడా అనామికే. చైనా భాషలో కూడా దాన్ని 'పేరులేని వేలు' అనే అంటారట. అంత దూరం ఉన్న రెండు దేశాలవాళ్లకు ఒకే వేలికి పేరు దొరకకపోవడం నాకు వింతగా అనిపించింది.

ఇక వస్తువు పేరు. మన ఇంట్లో ఉంగరం, బయట మరాఠీలో అంగఠీ, ఒడియాలో ముది, తమిళంలో మోదిరం. సంస్కృతంలో రెండు మాటలున్నాయి. ఒకటి అంగుళీయకం. అంగుళి అంటే వేలు, అంటే అది వేలికి పెట్టుకునేది. రెండోది ముద్రిక, అంటే ముద్ర వేసేది. ఒక మాట ఉంగరం ఎక్కడ ఉంటుందో చెప్తే, ఇంకోటి ఏం పని చేస్తుందో చెప్తుంది. ఉంగరం చరిత్రలో చాలా భాగం ఈ రెండో మాటలోనే ఉంది.

సంతకం పెట్టిన ఉంగరాలు

ఇప్పుడు మనం కాగితం మీద సంతకం పెడతాం. వెనకటికి చదువు వచ్చినవాళ్లు తక్కువ. రాజు కూడా ఉత్తరాన్ని తన చేత్తో రాసేవాడు కాదు, లేఖకుడు రాసేవాడు. మరి ఆ ఉత్తరం రాజుదే అని నమ్మడం ఎలా? మెత్తటి మట్టి మీదో, లక్క మీదో, మైనం మీదో రాజు ఉంగరాన్ని నొక్కేవాళ్లు. ఆ గుర్తే సంతకం. ఉంగరం వేలికే ఉంటుంది కాబట్టి దొంగ చేతికి అంత సులువుగా పోదు. అందుకే ముద్రకు వేలికన్నా మంచి చోటు లేదు.

ప్రాచీన ఈజిప్టులో ఇలాంటి ఉంగరాలు చాలా వాడారు. అక్కడ పేడపురుగు ఆకారంలో చెక్కిన రాయిని ఉంగరంలో బిగించేవాళ్లు. పేడను ఉండగా దొర్లించే ఆ పురుగులో వాళ్లు సూర్యుణ్ణి ముందుకు నడిపే దేవుణ్ణి చూశారు. రాయి పైభాగం పురుగు, అడుగుభాగం చదునుగా ఉండి పేరో, గుర్తో చెక్కి ఉండేది. కొన్నిటిలో రాయి ఇరుసు మీద తిరిగేది. పెట్టుకున్నప్పుడు పురుగు పైకి కనిపిస్తుంది, తిప్పితే ముద్ర. బైబిల్ ఆదికాండంలో ఈజిప్టు రాజు ఫరో తన చేతి ఉంగరం తీసి యోసేపు చేతికి పెడతాడు. అది కానుక మాత్రమే కాదు. ఇక నుంచి నువ్వు నా పేరు మీద ఆజ్ఞలు వేయొచ్చు అని దాని అర్థం.

మన దేశంలో ఈ ముద్ర ఉంగరం మీద ఏకంగా ఒక నాటకమే ఉంది. విశాఖదత్తుడు రాసిన ముద్రారాక్షసం. నందుల మంత్రి రాక్షసుడు తన భార్యాబిడ్డలను ఒక స్నేహితుడి ఇంట్లో దాచిపెట్టి పోతాడు. బయటికి పరిగెత్తిన పిల్లవాణ్ణి లోపలికి లాగబోతే ఆమె వేలి నుంచి ఉంగరం జారిపోతుంది. అది గూఢచారి ద్వారా చాణక్యుడికి చేరుతుంది. చాణక్యుడు ఒక దొంగ ఉత్తరం రాయించి, ఆ ఉంగరంతో ముద్ర వేయిస్తాడు. ఆ ఒక్క ముద్రను నమ్మి రాక్షసుడి వైపువాళ్లే అతణ్ణి అనుమానిస్తారు. యుద్ధం లేకుండానే చాణక్యుడు గెలుస్తాడు. ఇప్పుడు మనం ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఎందుకు అంటామో, అప్పుడు ఉంగరం పారేసుకోవద్దని అందుకే అనేవాళ్లేమో.

రామాయణంలో హనుమంతుడు లంకకు తీసుకుపోయింది కూడా పేరు చెక్కిన ఉంగరమే. కొత్త మనిషిని, అందులోనూ వానరుణ్ణి, సీతమ్మ ఎందుకు నమ్మాలి? ఉంగరం చూశాక నమ్మింది. తిరిగి తన గుర్తుగా చూడామణి ఇచ్చి పంపింది. కాళిదాసు శాకుంతలంలో కూడా రాజు ఇచ్చిన ఉంగరం నీళ్లలో జారిపోతుంది, చేప మింగుతుంది. చేపలు పట్టే బీదవాడి దగ్గర రాజు ఉంగరం కనిపించేసరికి భటులు అతణ్ణి దొంగ అని కొడతారు. ఉంగరం రాజు చేతికి చేరాక గాని అతనికి శకుంతల గుర్తుకు రాదు. మా సారు ఒక మంచి సంగతి చెప్పారు. మహాభారతంలోని శకుంతల కథలో అసలు ఈ ఉంగరమే లేదట. అక్కడ ఆకాశవాణి సాక్ష్యం చెప్తుంది. కాళిదాసు ఆకాశవాణికి బదులు ఉంగరాన్ని సాక్షిగా తెచ్చాడు. అంటే ఆ కాలంలో జనం ఉంగరం మాటను అంతగా నమ్మేవాళ్లు.

ఇది చదివాక నేను ఒక పని చేశాను. బాపమ్మను అడిగి ఉంగరం తీసుకొని, కొవ్వొత్తి కరిగించి, మైనం కొంచెం గట్టిపడ్డాక దాని మీద నొక్కాను. 'న' అక్షరం తిరగబడి పడింది, అద్దంలో చూసినట్టు. అప్పుడు అర్థమైంది. ముద్ర వేసే ఉంగరం మీద అక్షరాలు తిరగేసి చెక్కుతారు, అప్పుడే ముద్ర సరిగ్గా పడుతుంది. తాత ఉంగరం మీద అక్షరం తిన్నగా ఉంది. అంటే అది ముద్ర వేయడానికి చేసింది కాదు, నలుగురూ చూసి చదవడానికి చేసింది. వేలిముద్ర వేసిన వేళ్ల మీదికి అక్షరం వచ్చిందని తాత అందరికీ చూపించుకున్నాడు.

హోదా చెప్పిన ఉంగరాలు

ఉంగరం నేను ఎవరో చెప్పడంతో ఆగలేదు. నేను ఎంతటివాణ్ణో కూడా చెప్పింది. పాత రోములో మామూలు పౌరులు ఇనుప ఉంగరం పెట్టుకునేవాళ్లు. బంగారు ఉంగరం మొదట పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకే, తర్వాత అశ్విక వర్గం అనే పై తరగతివాళ్లకు కూడా దక్కింది. డబ్బుండి కొనుక్కున్నంత మాత్రాన పెట్టుకునే హక్కు రాదు. ఎవరు పెట్టుకోవచ్చో చెప్పడానికి తిబెరియస్ చక్రవర్తి కాలంలో చట్టం కూడా చేశారు.

క్రీ.పూ. 216లో కానే అనే చోట కార్తేజి సేనాపతి హానిబాల్ రోమన్ సైన్యాన్ని ఘోరంగా ఓడించాడు. ఆ గెలుపు ఎంత పెద్దదో చెప్పడానికి అతని తమ్ముడు మాగో, చనిపోయిన రోమన్ల వేళ్ల నుంచి తీసిన బంగారు ఉంగరాలను కార్తేజి సభలో కుప్పగా పోయించాడని లివీ అనే చరిత్రకారుడు రాశాడు. బంగారు ఉంగరం పెద్దవాళ్లకే ఉంటుంది కాబట్టి, ఎందరు పెద్దవాళ్లు పోయారో ఆ కుప్ప చూస్తే తెలుస్తుంది. శవాలను లెక్కపెట్టకుండా ఉంగరాలతో లెక్క చెప్పాడు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ ఒక్కో ఉంగరం వెనక మా ఇంట్లాంటి ఒక ఇల్లు ఉండి ఉంటుంది కదా.

రోము వ్యాపారులు మన దక్షిణాదికి కూడా వచ్చారు. తమిళనాడులోని కరూరు అప్పట్లో పెద్ద వ్యాపార పట్నం. అక్కడ అమరావతి నది ఇసుకలో రోమన్ నాణేలతో పాటు, తమిళ బ్రాహ్మీ అక్షరాల్లో మనుషుల పేర్లు చెక్కిన ఉంగరాలు దొరికాయి. ఒక బంగారు ఉంగరం మీద ఆలుమగల బొమ్మ ఉంది. ఆ పేర్లున్నవాళ్లందరూ రాజులేం కాదు. వర్తకులో, ఊళ్లో కాస్త కలిగినవాళ్లో అయి ఉండొచ్చు. రెండు వేల ఏళ్ల కింద ఒక మామూలు మనిషి కూడా తన భాషలో తన పేరు ఉంగరం మీద చెక్కించుకున్నాడు. మా తాత చేసింది కూడా అదే.

పనిచేసిన ఉంగరాలు

కొన్ని ఉంగరాలు అందానికి కాకుండా పనికి పుట్టాయి. విల్లు లాగేటప్పుడు బొటనవేలు కోసుకుపోకుండా వేసుకునే పెద్ద ఉంగరం ఒకటి ఉంది. టర్కీ, ఇరాన్, చైనా, మన మొఘలులు, అందరూ దాన్ని వాడారు. మొఘలుల కాలానికి అది హోదా గుర్తుగా కూడా మారింది. షాజహాన్ బిరుదు చెక్కిన పచ్చరాతి బొటనవేలి ఉంగరం ఒకటి ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మా తాత మగ్గం మీద కూర్చునేటప్పుడు ఉంగరం తీసి పెట్టేవాడట, నూలు పోగులు తగులుకుంటాయని. పని కోసం పెట్టుకునే ఉంగరం ఒకటైతే, పని కోసం తీసి పెట్టే ఉంగరం ఇంకోటి.

కెనడాలో ఇంజనీరింగ్ చదువు పూర్తి చేసినవాళ్లకు ఇనుప ఉంగరం ఇస్తారు. 1925లో ఈ ఆచారం మొదలైంది. ఆ కార్యక్రమంలో మొదట్లో చదివిన ప్రమాణాన్ని రడ్‌యార్డ్ కిప్లింగ్ రాసిచ్చాడు. రాసే చేతి చిటికెనవేలికి ఆ ఉంగరం పెట్టుకుంటారు. గీతలు గీసేటప్పుడు అది కాగితానికి రాసుకుంటూ ఉంటుంది, నీ పని తప్పితే మనుషుల ప్రాణాలు పోతాయి అని గుర్తుచేస్తూ ఉంటుంది. 1907లో కట్టేటప్పుడే కూలి 75 మంది ప్రాణాలు తీసిన క్యూబెక్ వంతెన ఇనుముతో మొదటి ఉంగరాలు చేశారని చాలామంది చెప్పుకుంటారు. అది నిజం కాదు. అయినా ఆ కథ ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోవచ్చు. ఇనుము ఖరీదు తక్కువే, కాని దాని అర్థం బరువైనది.

మన ఇళ్లలో ఇంకా తేలికైన ఉంగరం ఉంది. పూజల్లో, పితృకార్యాల్లో దర్భతో ముడివేసి ఉంగరపువేలికి పెట్టుకునే పవిత్రం. అది గడ్డి. కార్యం అయ్యేదాకానే ఉంటుంది, అవగానే విప్పేస్తారు. అంటే ఉంగరానికి బంగారమే ఉండాలని లేదు.

మనుషులను కలిపిన ఉంగరాలు

పెళ్లి ఉంగరం అనగానే మనకు వజ్రపుటుంగరం గుర్తుకొస్తుంది. కాని రోమన్ రచయిత ప్లీనీ, తన కాలంలో కూడా కాబోయే పెళ్లికూతురికి రాయి కూడా లేని ఇనుప ఉంగరమే పంపేవాళ్లని రాశాడు. నాలుగో వేలికే ఎందుకు అంటే, ఆ వేలి నుంచి గుండెకు ఒక సన్నని నరం నేరుగా పోతుందని ఈజిప్టువాళ్లు చెప్పారని 2వ శతాబ్దపు రచయిత ఆలస్ గెల్లియస్ రాశాడు. శరీర శాస్త్రం ప్రకారం అది తప్పు. అన్ని వేళ్లకూ అలాంటి నరాలే ఉంటాయి. తప్పైనా, ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నారు.

వజ్రం సంగతికొస్తే, 1477లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్ బర్గండీ రాకుమారి మేరీకి వజ్రపుటుంగరం ఇచ్చాడని చెప్తారు. అప్పటికి ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా అన్నీ మన దేశం నుంచే పోయేవి. తర్వాతి కాలంలో పేరుపడిన గోల్కొండ వజ్రాలు కృష్ణా నది ఒడ్డున ఉన్న కొల్లూరులాంటి గనుల్లో దొరికినవే. గోల్కొండలో గని లేదు, అది వజ్రాల బజారు. 17వ శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు కొల్లూరు గనికి వచ్చి, అక్కడ ఆడా మగా పిల్లలతో కలిపి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. వాళ్లలో చాలామంది తెలుగువాళ్లే అయి ఉంటారు. మట్టి తవ్వి, మోసి, కడిగి, ఎండబెట్టి, జల్లెడ పట్టి రాళ్లు ఏరేవాళ్లు. వాళ్ల వేళ్లకు మాత్రం ఏ ఉంగరం ఉండి ఉంటుంది? తర్వాత 1720ల నుంచి బ్రెజిల్‌లో, 1867 నుంచి దక్షిణాఫ్రికాలో వజ్రాలు దొరికాయి. 1947లో డీ బీర్స్ కంపెనీ కోసం, వజ్రం ఎప్పటికీ ఉంటుంది అనే అర్థం వచ్చే ప్రకటన రాశారు. ఆ తర్వాతే నిశ్చితార్థం అంటే వజ్రపుటుంగరం అనే మాట ప్రపంచమంతా పాకింది. అంటే మనం పాత సంప్రదాయం అనుకునేది కొంతవరకు ప్రకటనల మహిమే.

మన తెలుగు పెళ్లిలో ఉంగరానికి వేరే పని ఉంది. బిందెలో నీళ్లు పోసి ఉంగరం వేస్తారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఇద్దరూ చెయ్యి పెట్టి వెతకాలి. ఎవరికి దొరికితే వాళ్లది పైచేయి. అంతవరకు ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి సిగ్గుపడేవాళ్లకు నీళ్లలో చేతులు తగులుతాయి, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. మా బాపమ్మకు కూడా ఆ ఆటలో ఉంగరం దొరికిందట. "దొరికినా మీ తాతకే ఇచ్చిన, లేకపోతే మొహం మాడ్చుకుంటడు" అంటుంది.

ఇంగ్లండులో 16, 17వ శతాబ్దాల్లో ఇంకో రకం ఉంగరాలు ఉండేవి. వాటిని పోజీ ఉంగరాలు అంటారు. ఉంగరం లోపలి వైపు, చర్మానికి ఆనే చోట, ఒక చిన్న మాట చెక్కించేవాళ్లు. అది బయటివాళ్లకు కనిపించదు. పెట్టుకున్నవాళ్లకు మాత్రమే తెలుసు. షేక్‌స్పియర్ వెనిస్ వర్తకుడు నాటకంలో కూడా ఇలా మాట చెక్కిన ఉంగరం ఒకటి వస్తుంది. అదే షేక్‌స్పియర్ 1616లో రాయించిన వీలునామాలో, తనతో నాటకాలాడిన ముగ్గురు స్నేహితులు ఉంగరాలు కొనుక్కోవడానికి డబ్బు రాసిపెట్టాడు. పోయినవాళ్ల గుర్తుగా ఉంగరం పెట్టుకోవడం వాళ్ల ఆచారం.

పోగొట్టుకున్న ఉంగరాలు, ఇచ్చేసిన ఉంగరాలు

ఇంతవరకు చదివాక నాకు ఒక ప్రశ్న వచ్చింది. వేల ఏళ్లుగా కోట్ల మంది ఉంగరాలు పెట్టుకున్నారు. మరి మ్యూజియంలో ఇంత కొద్దిగానే ఎందుకున్నాయి? సారు ఒకే మాట చెప్పారు. "బంగారం పోదమ్మా, రూపం పోతుంది." అవసరం వచ్చినప్పుడల్లా కరిగించారు. మనకు దొరికిన పాత ఉంగరాలు చాలావరకు సమాధుల్లో పెట్టినవి, నదిలో జారినవి, దాచిన చోటు మర్చిపోయినవి. అంటే ఎవరి చేతికీ అందకుండా పోయినవే మనకు మిగిలాయి.

కొన్నిసార్లు జనం తెలిసే ఇచ్చేశారు. 1813లో ప్రష్యా దేశం నెపోలియన్ మీద యుద్ధానికి దిగినప్పుడు ఖజానాలో డబ్బు లేదు. రాకుమారి మరియానే, ఆడవాళ్లు బంగారం ఇవ్వాలని కోరింది. పెళ్లి ఉంగరాలు కూడా ఇచ్చినవాళ్లకు బదులుగా ఇనుప ఉంగరాలు ఇచ్చారు. బంగారం ఇచ్చి ఇనుము తీసుకున్నాను అనే అర్థం వచ్చే మాట వాటి మీద ఉండేది. తర్వాత ఆ ఇనుప ఉంగరమే గౌరవమైంది. బంగారం పెట్టుకున్నవాళ్లే సిగ్గుపడాల్సి వచ్చింది.

కావాలనే విరగ్గొట్టే ఉంగరం కూడా ఉంది. రోమన్ కాథలిక్కుల గురువు పోపుకు మత్స్యకారుడి ఉంగరం అని ఒకటి ఉంటుంది. ఏసు శిష్యుడు పేతురు చేపలు పట్టేవాడు కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు పోపు ఉత్తరాల మీద దానితో ముద్ర వేసేవాళ్లు. పోపు పోగానే ఆయన పేరు మీద ఎవరూ దొంగ ఉత్తరాలు రాయకుండా దాన్ని పనికిరాకుండా చేస్తారు. 2013లో పోపు 16వ బెనెడిక్ట్ తానే పదవి వదిలినప్పుడు కూడా ఆయన ఉంగరం మీద గీతలు కొట్టి చెడగొట్టారు. మనిషి పదవి అయిపోతే ఉంగరం పదవి కూడా అయిపోతుంది.

మా ఇంట్లో ఏం జరిగింది

నేను ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకొని ఒక ఆదివారం రాత్రి అందరి ముందూ చదివాను. కరూరు ఉంగరాల దగ్గర గొంతు పెంచి చదివాను. చివర్లో, "అందుకే తాత ఉంగరం కరిగించొద్దు. కరిగిస్తే తాత అక్షరం పోతుంది" అన్నాను. నాయన తల దించుకున్నాడు. ఆయనకు కూడా ఇష్టం లేదని నాకు అప్పుడే తెలిసింది.

బాపమ్మ మాట్లాడింది. "బిడ్డా, ఆ ఉంగరం మూడుసార్లు కుదువకు పోయింది. మిల్లు బందయినప్పుడు ఒకసారి, మీ నాయన ఫీజుకు ఒకసారి, మీ అత్త కాన్పుకు ఒకసారి. మూడుసార్లు నేను బీడీలు చుట్టి విడిపించుకొచ్చిన. అది మూటల ఉండేటందుకు చేసింది కాదు. ఇంట్ల ఎవలకన్న పనికొచ్చేటందుకు చేసింది. ఇప్పుడు కోడలు పిల్ల వేలికి పోతదంటే మీ తాత వద్దంటడా?"

నా దగ్గర జవాబు లేదు. నేను చదివిన చరిత్రలో ఉంగరాలు దాచుకున్నవాళ్లే కాదు, ఇచ్చేసినవాళ్లు కూడా ఉన్నారు. ఆ ప్రష్యా ఆడవాళ్ల గురించి నేనే చదివి వినిపించాను. ఉంగరం బాపమ్మ కష్టంతో నిలిచింది. ఆమె మాటే చెల్లాలి.

అప్పుడు అన్న, "ఆ ఇంగ్లండు ఉంగరాల గురించి మళ్లీ చదువు, లోపల రాసేది" అన్నాడు. చదివాను. మర్నాడు అందరం సోనార్ దుకాణానికి పోయాం. కొత్త ఉంగరం లోపలి వైపు 'న' అక్షరం చెక్కమని అన్న అడిగాడు. సోనార్ కాకా మరాఠీ మనిషి, ఆయనకు తెలుగు అక్షరాలు రావు. "ఎలా ఉంటుందో రాసివ్వు" అని నాకు కాగితం, పెన్ను ఇచ్చాడు. పాత ఉంగరం ఎదురుగా పెట్టుకొని, తలకట్టు ఎక్కడ మొదలవుతుందో చూసి, పెద్దగా రాసిచ్చాను. ఇంట్లో ఎన్నోసార్లు రాసిన అక్షరమే అయినా ఆ రోజు చెయ్యి వణికింది. ఆయన దాన్ని రెండుసార్లు పరీక్షగా చూసి, అచ్చం అలాగే చెక్కాడు. పాత ఉంగరం తూచి, మూసలో వేశారు. బాపమ్మ చూడలేదు, బయట అరుగు మీద కూర్చుంది. నేను చూశాను. చివరికి మిగిలింది ఒక చిన్న పసుపు చుక్క.

వదిన వేలికి ఇప్పుడు ఆ ఉంగరం ఉంది. పైకి మామూలు ఉంగరమే. లోపల తాత అక్షరం ఉందని మా ఇంట్లోవాళ్లకే తెలుసు. వదిన సోలాపూర్‌లోనే పుట్టింది, మరాఠీ మీడియంలో చదివింది, తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. మొన్న నన్ను పిలిచి, "ఈ అక్షరం ఒకటి నేర్చుకున్నా, మిగతావి కూడా నేర్పు" అంది. రోజూ సాయంత్రం పది నిమిషాలు కూర్చుంటున్నాం. ఇప్పుడు 'మ' దాకా వచ్చాం.

మైనం మీద తిరగబడి పడిన 'న' మాత్రం నా దగ్గరే ఉంది, చిన్న అగ్గిపెట్టెలో పెట్టుకున్నాను. అద్దం ముందు పెడితే తిన్నగా కనిపిస్తుంది.

మిత్రులారా, మీ ఇంట్లో కూడా పాత ఉంగరమో, మెట్టెలో, ముక్కుపుడకో ఉండే ఉంటుంది. దాన్ని దాచాలా, కరిగించాలా అనేది మీ ఇంటి పెద్దవాళ్లు చూసుకుంటారు. దాని వెనక కథ మాత్రం వాళ్లు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి. బంగారాన్ని మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ కథ చెప్పేవాళ్లు మళ్లీ దొరకరు.